మూడో రాడ్డు నట్టు

కిందటివారం మేస్త్రమ్మని షెడ్డులో రెండు ఇంజన్ల మధ్య నిలబెట్టి వచ్చేశాం. కుడివైపు స్టాండు మీద ఆరు సిలిండర్ల అల్యూమినియం ఇంజన్. ఎడమవైపు పాత సరుకుల వ్యాన్‌లోంచి దింపిన నాలుగు సిలిండర్ల ఇనప ఇంజన్. ఎదురుగా, ముక్కు ఖాళీగా పెట్టుకుని, నాలుగు ఉక్కు స్టాండ్ల మీద ఎత్తి ఉన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. కొండదారి పందేనికి ఏడు వారాలే ఉంది. ఏ ఇంజన్ కట్టి దానికి టర్బో తగిలిస్తున్నారో రాసి, ఆ సాయంత్రం అయిదు లోపల పందెం ఆఫీసులో ఫారం ఇచ్చేయాలి. కారు నడపబోయే చెల్లెలు ఆరు సిలిండర్లదే కావాలంది. ఇంజన్ కట్టబోయే అక్క ఇనపదే అని భీష్మించుకుంది. ఎందుకో మాత్రం సరిగ్గా చెప్పలేదు. చివరికి చెల్లెలు వెనక గదిలోకి వెళ్లి, గుడ్డలో చుట్టినదేదో తెచ్చి, "పెట్టె తెరిచానక్కా" అంటూ బల్ల మీద పెట్టింది.

ఆ మూట బల్లని తాకిన చప్పుడుకే అందులో ఏముందో మేస్త్రమ్మకి తెలిసిపోయింది.

ముప్ఫై ఏళ్లుగా ఇనుముతో బతికిన మనిషి ఆమె. తండ్రి మేస్త్రి. ఆయన పోయాక షెడ్డు ఆమె చేతికొచ్చింది. ఆడమనిషి ఇంజన్ ఏం విప్పుతుందని నవ్వినవాళ్లే, నాలుగేళ్లు తిరిగేసరికి "మేస్త్రమ్మా, కాస్త ఈ చప్పుడేమిటో వినండి" అంటూ బళ్లు తెచ్చి నిలబెట్టారు. అసలు పేరు రేషన్ కార్డులో మిగిలిపోయింది. ఏ వస్తువు కింద పడినా, వెనక్కి తిరక్కుండానే అది పానా, పిస్టనా, బేరింగా చెప్పేది. ఇప్పుడు చెప్పాల్సిన అవసరం లేదు.

"ఆ పెట్టెతో నీకేం పని?" అంది.

"స్పేరు రాడ్లకోసం చూశా. పోయిన ఇంజనూ ఈ ఆరు సిలిండర్ల రకమే కదా. పనికొచ్చేవి రెండో మూడో ఉంటాయేమో అనుకున్నా."

చెల్లెలు గుడ్డ విప్పింది. లోపల ఒక కనెక్టింగ్ రాడ్డు. పిస్టన్‌నీ, చక్రాలు తిప్పే క్రాంకునీ కలిపే చేయి. అది మెలి తిరిగి ఉంది. రెండేళ్ల కిందట, కొండదారి తొమ్మిదో మలుపులో, ఎదురుగా ఉన్న ఆ కారులోనే, ఇంజన్ పక్క గోడని చీల్చుకుని బయటికొచ్చిన రాడ్డు అది. వెనక చక్రాలు బిగుసుకుపోయి, కారు పల్టీలు కొట్టింది. దాన్ని నడుపుతున్న చెల్లెలి మొగుడికి ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. అప్పటిదాకా మూడేళ్లు వరసగా ఆ పందెం గెలిచినవాడు. "ఆయిల్ పైపు పగిలింది. ఆయిల్ అందక ఇంజన్ పట్టేసింది" అని మేస్త్రమ్మ చెప్పింది. ఆమె చెప్పాక ఇక అడిగేవాళ్లెవరు? అందరూ నమ్మారు. ఆ ముక్కలన్నీ చెక్కపెట్టెలో వేసి, ఆమే మేకులు కొట్టింది.

అప్పట్నుంచి ఆమె పందెం ఇంజన్ ముట్టుకోలేదు. వ్యాన్లు, నీటిపంపులు, పిండిమర మోటార్లు చూసుకుంటూ వచ్చింది. ఒక్కో నట్టు బిగించి, గుర్తు పెట్టి, మళ్లీ చూసి, ఇంటికెళ్లి, సగం అన్నంలో లేచొచ్చి మళ్లీ చూసేది. చాదస్తం అనుకున్నారు జనం. వయసు వస్తోందిగా అనుకున్నారు.

చెల్లెలు రాడ్డుని వెలుతురులోకి తిప్పింది. రేకుల కప్పులో అతికించిన అద్దంలోంచి పన్నెండు గంటల ఎండ నిటారుగా బల్ల మీద పడుతోంది.

"మూడో రాడ్డు ఇది. అడుగున రెండు బోల్టులు ఉండాలి కదా. ఒకటి తెగింది. సరే, తెగుతుంది. రెండోది చూడు. వంగింది, కానీ తెగలేదు. మరలు చూడు, కొత్తవాటిలా ఉన్నాయి. ఒక్కటి కూడా చెడలేదు. దీని నట్టు లాగితే ఊడింది కాదక్కా. దానంతటదే తిరుగుతూ తిరుగుతూ ఊడి పడిపోయింది."

మేస్త్రమ్మ రాడ్డు మీంచి చూపు తిప్పుకుంది.

"నేనూ నీ దగ్గరే పని నేర్చుకున్నా. ఆయిల్ పైపు పగిలితే నట్టెలా ఊడుతుంది?"

గొంతు పెంచలేదు చెల్లెలు. పెంచి ఉంటే బాగుండేది. అరిస్తే తనూ అరవచ్చు, ఏడవచ్చు, ఆ గోలలో ఏదో ఒకటి చెప్పి తప్పుకోవచ్చు. మెల్లిగా, పాఠం అప్పజెబుతున్న పిల్లలా అడిగింది. మేస్త్రమ్మ ఆనుకోడానికి చేయి చాచింది. చేతికి తగిలింది ఆరు సిలిండర్ల ఇంజనే. నిప్పు తాకినట్టు వెనక్కి లాక్కుంది.

అప్పుడే గుమ్మంలో చంకకర్ర చప్పుడైంది.

మరిది లోపలికొచ్చాడు. ఎప్పుడు వచ్చినా ఏదో ఒక జోకు ముందు, మనిషి వెనక. "ఏంటి, అక్కాచెల్లెళ్లు ఇంజన్లకి స్వయంవరం పెట్టారా?" అంటూనే వచ్చాడు. బల్ల మీద ఉన్నది చూసి ఆగిపోయాడు. ఒకసారి పెళ్లాం మొహం, ఒకసారి వదిన మొహం చూశాడు. కర్ర గోడకి ఆనించి, తలకిందులుగా పెట్టిన డబ్బా మీద మెల్లగా కూర్చున్నాడు.

"తీశారన్నమాట," అన్నాడు.

"నీకు తెలుసా?" చెల్లెలు గిర్రున తిరిగింది.

"ఆ నట్టు సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది వేరే." అరచేతులు తొడల మీద రుద్దుకున్నాడు. "ఏడో మలుపులో ఆయిల్ లైటు వెలిగింది. ఎర్రగా, కళ్ల ముందే. చూశా. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి పక్కకి ఆపేస్తే అయిపోయేది. ముందువాడికీ నాకూ రెండు సెకన్లే తేడా. ఇంకో మూడు మలుపులేగా, లాగేద్దాం అనుకున్నా. ఆసుపత్రిలో అడిగితే లైటేదీ వెలగలేదని చెప్పా. వదిన పైపు పగిలిందంది కదా, ఆవిడ మీదికి రాకూడదని నేనూ పైపే అనేశా. నువ్వు అనవసరంగా ఆవిడ్ని నిలదీయకు. చేజేతులా చేసుకున్నది నేను."

ఎండకి రేకులు టిక్కు టిక్కుమంటున్నాయి.

"వెలిగిందా?" చెల్లెలు రాడ్డుని బల్ల మీద పెట్టేసింది. "రెండేళ్ల నుంచి రాత్రీ పగలూ నీ పక్కనే ఉన్నా. ఒక్కసారి నోరు విప్పబుద్ధి కాలేదా? రెండు సెకన్ల కోసం..." మాట పూర్తి చెయ్యలేక మొగుడివైపు నడిచింది.

మేస్త్రమ్మ ముందు తప్పించుకునే తలుపు తెరుచుకుంది. ఎంత సులువు! చెల్లెలు తనని చూడటం మానేసింది. కోపమంతా అటు మళ్లింది. ఆయిల్ లైటు వెలిగిందంటే ఆయిలే అందలేదన్నమాట. పైపన్న మాటే నిజమన్నమాట. ఇక రాడ్డుని మళ్లీ గుడ్డలో చుట్టేయచ్చు. "చూశావా, నేను చెప్పలేదూ?" అంటే చాలు. ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

తనకి తనమీదే అంత భయం అంతకుముందెప్పుడూ వెయ్యలేదు.

"ఆ లైటు వెలగడానికి కూడా నేనే కారణం," అంది.

ఇద్దరూ తిరిగి చూశారు.

"నట్టు వదులైతే రాడ్డుని క్రాంకుకి పట్టి ఉంచే అడుగు టోపీ నోరు తెరుస్తుంది. ఆ సందులోంచి ఆయిలంతా కారిపోతుంది. ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు లైటు వెలుగుతుంది. ముందు నా నట్టు, తర్వాత అతని లైటు. అతను ఆపి ఉంటే కాలు దక్కేదేమో. కానీ నేను బిగించి ఉంటే ఆ లైటే వెలిగేది కాదు." ఒకసారి మొదలయ్యాక మాటలు ఆగలేదు. "పన్నెండు బోల్టులు. ఒకటి, రెండు రాడ్లు అయిపోయాయి. మూడోదానికి ఒక బోల్టు టార్క్ రెంచితో బిగించా. సరిపడా బిగియగానే టక్కుమంది. రెండోదానికి వేలితో తిప్పి నట్టు ఎక్కించా. అంతలో అతనొచ్చాడు. ఏదో జోకు వేశాడు. నవ్వి రెంచి కింద పెట్టా. మళ్లీ తీసుకున్నప్పుడు నాలుగో రాడ్డు దగ్గర మొదలుపెట్టా. అంతే. ప్రమాదమైన మర్నాడు విప్పగానే తెలిసిపోయింది. ఆ బోల్టు చూసి పెట్టె మూసేశా."

మరిది అడిగాడు, "ఏం జోకు?"

"నీకు గుర్తులేదా?"

"నేను రోజుకి ఇరవై వేస్తా. ఏదని గుర్తుంటుంది వదినా?"

"'మీ చెల్లెల్ని కూడా ఈ రెంచితోనే బిగించి ఇచ్చి ఉంటే మా ఇంట్లో ఈ చప్పుడుండేది కాదు' అన్నావు."

మరిది నోరు వంకర తిరిగింది. నవ్వో ఏడుపో అతనికే తెలిసినట్టు లేదు. "బాగానే ఉంది జోకు," అన్నాడు నెమ్మదిగా. తర్వాత మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చెల్లెలు కుళాయి దగ్గరికెళ్లి చేతులు కడుక్కుంది. గ్రీజు ఏమీ లేని చేతులు. అయినా మోచేతులదాకా తోముకుంటూనే ఉంది. ఆ నీళ్ల చప్పుడు వింటూ నిలబడటం మేస్త్రమ్మకి ఆసుపత్రి వరండాలో నిలబడటంకంటే కష్టమైపోయింది. అక్కడ కనీసం ఎవరో వచ్చి ఏదో చెప్తారు. ఇక్కడ చెప్పాల్సినవాళ్లు వీపు తిప్పి ఉన్నారు. అమ్మ పోయినప్పుడు చెల్లెలికి ఆరేళ్లు. జడలు వేసింది తను, జ్వరమొస్తే పక్కన పడుకుంది తను, ఈ షెడ్డులో ఎత్తుపీట వేసి, పానా సైజులు నేర్పింది తను. ఇవాళ్టితో ఆ పిల్ల గుమ్మం దాటి వెళ్లిపోతే, మళ్లీ "అక్కా" అని పిలిచే గొంతు ఇంకోటి లేదు.

కుళాయి ఆగింది.

"ఇంత తెలిసీ రెండేళ్లు మా ఇంటికొచ్చావు, అతనికి కట్టు మార్చావు," అంది చెల్లెలు, ఇటు తిరక్కుండానే.

"అవును."

"నేను కారు నడుపుతానంటే వద్దని కాళ్లావేళ్లా పడ్డావు. వినకపోయేసరికి ఇనపది కావాలన్నావు. ఆరు సిలిండర్లదైతే మళ్లీ ఆ రాడ్లు, ఆ పన్నెండు బోల్టులు. అదేగా భయం?"

"అదే. దాని మూత చూస్తేనే నా వేళ్లు చల్లబడిపోతాయి. ఆ ఇంజన్ చేసిన తప్పేమీ లేదు. నింద మాత్రం రెండేళ్ల నుంచి అదే మోస్తోంది." మేస్త్రమ్మ ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టింది. "నన్ను వదిలెయ్యవే. ఊళ్లో ఇంకా ఇద్దరున్నారు ఇంజన్లు కట్టేవాళ్లు. ఏది కావాలంటే అది తీసుకెళ్లి వాళ్లచేత కట్టించుకో. నా చేతులు మంచివి కావు."

చెల్లెలు ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, తడి మాత్రం లేదు.

"వాళ్ల చేతులు తప్పు చెయ్యవా? చేస్తాయి. ఎక్కడ చేస్తాయో నాకు తెలీదు. నీ చెయ్యి ఎక్కడ తప్పిందో ఇవాళ తెలిసింది. అది కట్టుకో ముందు." ఏప్రాన్ తీసి అక్క మీదికి విసిరింది. "క్షమించానని అనుకోకు. ఆ లెక్క వేరే. ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. భయం సంగతి బయటపడిపోయిందిగా. అది పక్కన పెట్టి, మేస్త్రివి కదా, పనిగా చూసి చెప్పు. ఈ రెండిట్లో టర్బోకి ఏది ఆగుతుంది?"

మేస్త్రమ్మ రెండు చేతులతో ఏప్రాన్ పట్టుకుని నిలబడింది. కట్టుకోవడానికి మూడుసార్లు ముడి వెయ్యాల్సొచ్చింది.

తర్వాత ఆరు సిలిండర్ల ఇంజన్ దగ్గరికి నడిచింది. రెండేళ్లలో మొదటిసారి ఆ రకం ఇంజన్ హెడ్డు, పై మూత, విప్పింది. ఒక్కో బోల్టు వదిలినప్పుడల్లా ఆ కొండ మీది చప్పుడు వినిపిస్తుందేమో అని ఒళ్లంతా బిగబట్టుకుంది. వినిపించలేదు. బోల్టులు బోల్టుల్లాగే వచ్చాయి. సిలిండర్ గోడల మందం చూసే మీటరు తెచ్చి, ఆరింటికీ నాలుగేసి వైపులా పెట్టి చూసింది. అంకెలు చెల్లెలు కాగితం మీద రాసింది. మరిది టార్చి పట్టుకున్నాడు. ముగ్గురూ పని మాటలు తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. తర్వాత ఇనపదాన్నీ అలాగే చూసింది. ఆఖరికి టేపు తీసుకుని కారు ఖాళీ ముక్కులోకి దూరి, ముందు ఇరుసు నుంచి వెనక రేకుదాకా కొలిచింది. బయటికొచ్చి ఇంకోసారి కొలిచింది.

బల్ల మీద నత్తగుల్ల ఆకారంలో టర్బో ఉంది. దాని మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది.

"ఇది ఇంజన్ వదిలే పొగతోనే తిరిగి, ఇంజన్‌లోకి గాలి కుక్కుతుంది. మామూలుగా పీల్చేదానికి దాదాపు రెట్టింపు. ఆ గాలికి తగ్గ పెట్రోలు, ఆ పెట్రోలుకి తగ్గ మంట. ఆ మంటనంతా ఆపాల్సింది సిలిండర్ గోడ. ఆరుదానికి ఇదివరకే ఎవరో రీబోరు చేసి లోపలి గోడలు కోసేశారు. నాలుగో సిలిండర్ దగ్గర గోడ రెండున్నర మిల్లీమీటర్లే ఉంది. టర్బోతో ఊదకుండా నడిపేట్టయితే దీన్ని మించింది లేదు. ఊదితే మాత్రం కొండ సగంలో చీలుతుంది. ఇనపదానికి ఎక్కడ చూసినా ఆరు మిల్లీమీటర్లకి తక్కువ లేదు."

"బరువో? మలుపులో ముక్కు బయటికి లాగేస్తుందని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నాగా," అంది చెల్లెలు.

"నలభై కిలోలు ఎక్కువే. నువ్వన్నది నిజమే. పొద్దున్న నా దగ్గర దానికి జవాబు లేదు, భయంతో వాదించా కాబట్టి. ఇప్పుడుంది. ఇది రెండు సిలిండర్లు పొట్టి. ఇరుసుకి వెనక, జానెడు లోపలికి జరిపి కూర్చోబెట్టచ్చు. బ్యాటరీ వెనక డిక్కీలో పడేద్దాం. ముక్కు మీద బరువు ఆరుదానికంటే తగ్గుతుంది. కొలిచా. రెండుసార్లు."

చెల్లెలు కాగితం తీసుకుని అంకెలు తనే ఒకసారి కూడుకుంది. టేపు అందుకుని, ముక్కులోకి వంగి, తనూ కొలిచింది. లేచి నిలబడి ఫారం తీసింది. ఇంజన్ అన్నచోట 'నాలుగు సిలిండర్లు, ఇనుము, టర్బో' అని రాసింది. కట్టేవారు అన్నచోట ఒక్క క్షణం పెన్ను ఆగింది. అక్క పేరు రాసింది. పూర్తి పేరు. అది రాయడం ఎన్నాళ్లయిందో, మధ్యలో ఒక అక్షరం కొట్టేసి దిద్దాల్సొచ్చింది.

పొద్దున్న ఇనపదే కట్టాలన్నప్పుడు ఆ మాట మేస్త్రమ్మకే అబద్ధంలా వినిపించింది. ఇప్పుడదే మాట నిజమైంది. ఇంజన్ మారలేదు. అయినా మనసు కుదుటపడలేదు. కట్టాలి కదా. ఈ చేతులతోనే కట్టాలి. అందులో కూర్చునేది ఈ పిల్లే.

"ఒక షరతు," అంది చెల్లెలు, ఫారం మడత పెడుతూ. "కట్టడం అయ్యాక, పందేనికి ముందు, మొదటిసారి దాన్ని కొండెక్కించేది నేను కాదు. నువ్వు. నువ్వు కట్టినదాన్ని నువ్వే నడపాలి. నేను పక్కసీట్లో కూర్చుంటా. నీ కాలు వణుకుతుందో లేదో చూస్తా."

ప్రమాదం తర్వాత మేస్త్రమ్మ రోడ్డు మీద ఏ బండీ నడపలేదు. షెడ్డు వాకిట్లో బళ్లు తిప్పడమే తప్ప వీధి మలుపు కూడా దాటలేదు. కొండదారి కళ్ల ముందు ఒక్కసారి మెలికలు తిరిగింది.

"సరే," అంది.

"పక్కసీట్లో నువ్వు కాదు," అన్నాడు మరిది.

డబ్బా మీంచి లేచి, కర్ర అందుకుని, కారు దగ్గరికి నడిచాడు. తలుపు తీసి, లోపలి సీటుని అరచేత్తో ఒకసారి దులిపాడు.

"నేను కూర్చుంటా. లైటు వెలిగితే ఆపు అని చెప్పడానికి ఒక మనిషి ఉండాలిగా. దానికి నాకంటే తగినవాడు ఎవడున్నాడు?"

"వద్దు!" చెల్లెలు దాదాపు అరిచింది.

"ఎందుకొద్దు?" అతను జోకు వెయ్యడం లేదు. "ఇందాకేగా అన్నావు, ఆవిడ చెయ్యి ఎక్కడ తప్పిందో తెలిసింది, ఇక ఫర్వాలేదని. పేరు కూడా రాశావు. నువ్వు కూర్చోవడానికి పనికొచ్చే బండి, నేను కూర్చుంటే ఎందుకు పనికిరాదు? చెప్పు. నువ్వు వదినని నమ్ముతున్నావా, లేదా?"

మేస్త్రమ్మ చెల్లెలివైపు చూసింది. పొద్దుట్నుంచీ తన ఒక్కదాని ఒంట్లోనే తిరిగిన భయం ఇప్పుడు ఆ పిల్ల కళ్లలోకి ఎక్కడం కళ్లారా చూసింది. ఫారం పట్టుకున్న చెయ్యి గుండెలకి అదుముకుపోయింది. చెల్లెలు మొగుడిని చూసింది. అక్కని చూసింది.

మడత పెట్టిన ఫారం మళ్లీ విప్పి, తను దిద్ది రాసిన అక్క పేరు చూసింది.